ఉగ్గుగిన్నెలో ఉప్పు వేయకండి

కిందటి శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం ఒక యువతి ఏడు నెలల మగబిడ్డను ఎత్తుకొని, అత్తగారిని వెంటబెట్టుకొని నా వైద్యశాలకు వచ్చినది. బిడ్డకు జ్వరం లేదు, విరేచనాలు లేవు. ఒళ్ళు నిగనిగలాడుతున్నది, చూపు చురుకుగా ఉన్నది. నాడి చూసి, పొట్ట తాకి, "ఏమిటమ్మా బాధ?" అని అడిగాను. ఆమె తల వంచుకొని, "డాక్టరు గారూ, వీడికి పెద్దయ్యాక బీపీ వస్తుందా? అది నా మూలంగానేనా?" అని కంట నీరు పెట్టుకున్నది.

కాన్పు తరువాత ఆమె తీవ్రమైన జ్వరంతో పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చినది. ఆ రోజులలో బిడ్డకు డబ్బాపాలు పట్టారు. ఇంటికి వచ్చిన తరువాత ఎంత ప్రయత్నించినా స్తన్యం చాలినంతగా రాలేదు. భర్త ముప్పైనాలుగేళ్ళకే రక్తపోటుకు మాత్రలు వాడుతున్నాడు. ఆయన తాను వాడే యంత్రపు పట్టీని ఒకనాడు బిడ్డ తొడకు చుట్టి చూశాడు. బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుండగా యంత్రం 128 అంకె చూపినదట. ఇక ఆ ఇంట నిద్ర లేదు.

అంతలో అత్తగారు చేతిసంచిలోనుంచి మడతలు పడిన ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. అది చాలా ఏళ్ళ క్రితం ఒక పత్రికలో నేనే వ్రాసిన వ్యాసం. "తల్లిపాలు త్రాగిన బిడ్డకు జీవితాంతం రక్తపోటు భయం ఉండదు" అన్న నా వాక్యం క్రింద ఎర్ర సిరాతో గీత గీసి ఉన్నది.

పాఠక మహాశయులారా, ఆ వాక్యాన్ని ఈనాడు నేను ఉపసంహరించుకుంటున్నాను. తల్లిపాల మీద నాకు భక్తి తగ్గి కాదు. ఆ మాట సత్యాన్ని మించినది. సత్యాన్ని మించిన మాట ఏదో ఒక రోజు ఒక తల్లి గుండెలో ముల్లై గుచ్చుకుంటుందని ఆ మధ్యాహ్నం నాకు తెలిసివచ్చినది.

పసిబిడ్డ రక్తపోటు అంటే ఏమిటి?

మన ప్రాచీన సంహితలలో రక్తపోటును అంకెలలో కొలిచే పద్ధతి లేదు. చేతికి పట్టీ చుట్టి గాలి నింపి కొలిచే సాధనాన్ని 1896లో ఇటలీ దేశపు వైద్యుడు రివా-రొచ్చి ప్రచారంలోకి తెచ్చాడు. 1905లో రష్యా వైద్యుడు కొరోత్కోవ్ ఆ పట్టీ క్రింద వినిపించే శబ్దాలను బట్టి పై అంకెను, క్రింది అంకెను గుర్తించే విధానం చెప్పాడు. కాబట్టి ఈ విషయంలో ఆధునికుల కొలతలను గౌరవంతో స్వీకరించడమే ఉచితం.

ఆ కొలతలు చెప్పేది ఇది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు నాలుగవ రోజున పై అంకె సగటున 76 ఉంటుంది. ఆరవ వారానికి అది 96 వరకు పెరుగుతుంది. ఆపైన ఏడాది నిండేదాకా పెద్దగా మార్పు ఉండదు. మొదటి ఆరు వారాలలో కనిపించే ఈ పెరుగుదల వ్యాధి కాదు, ఎదుగుదల. బిడ్డ ఏడ్చినా, పాలు చీకుతున్నా, కాళ్ళు చేతులు కొట్టుకుంటున్నా అంకె పైకి పోతుంది. బిడ్డ నిద్రలో గాని, ప్రశాంతంగా గాని ఉన్నప్పుడు, ఆ చేతికి సరిపోయే చిన్న పట్టీతో, అభ్యాసం ఉన్నవారు చూసినప్పుడే ఆ అంకెకు విలువ. పెద్దల పట్టీని పసివాడి తొడకు చుట్టి చూడడం గజంబద్దతో ఆవగింజను కొలవడం వంటిది. ఆ యంత్రాన్ని బిడ్డ దగ్గరకు తీసుకురావద్దని ఆ తండ్రికి కబురు చేశాను.

అయితే కొందరు బిడ్డలకు రక్తపోటు నిజంగానే చూడవలసి ఉంటుంది. నెలలు నిండక పుట్టినవారు, మూత్రపిండాలలో గాని గుండెలో గాని లోపం ఉన్నవారు, పుట్టగానే ప్రత్యేక చికిత్సలో ఉండవలసి వచ్చినవారు ఈ కోవకు వస్తారు. పాలు త్రాగుతూ చెమటలు పట్టడం, ఆయాసపడడం, బరువు పెరగకపోవడం, మూత్రం తగ్గడం వంటి లక్షణాలు కనిపిస్తే కషాయాల కోసం నా వంటివారి దగ్గరకు రాక వెంటనే పిల్లల వైద్యుని దగ్గరకు వెళ్ళండి. ఆరోగ్యంగా ఉన్న తక్కిన పిల్లలకు మూడేళ్ళు నిండినప్పటినుండి ఏటా ఒకసారి చూపిస్తే చాలును.

పాలకూ రక్తపోటుకూ సంబంధం ఎంత?

నేను ఆనాడు ఆ వాక్యం వ్రాయడానికి ఆధారం లేకపోలేదు. ఇంగ్లండులో 1980ల ఆరంభంలో నెలలు నిండక పుట్టిన శిశువులలో కొందరికి ఇతర తల్లులు దానం చేసిన పాలను, కొందరికి అటువంటి శిశువుల కోసం తయారుచేసిన డబ్బాపాలను ఇచ్చారు. ఎవరికి ఏవి అన్నది చీట్లు వేసినట్లుగా నిర్ణయించారు. ఆ పిల్లలు 13 నుండి 16 ఏళ్ళవారైన తరువాత కొలిచి చూడగా, తల్లిపాలు త్రాగినవారి సగటు రక్తపోటు సుమారు 4 మిల్లీమీటర్లు తక్కువగా ఉన్నది. ఈ ఫలితం 2001లో వెలువడినది. దానిని చదివి నేను ఉప్పొంగిపోయాను. నెలలు నిండని బిడ్డల విషయంలో కనిపించినదానిని బిడ్డలందరికీ ఆపాదించి, నాలుగు మిల్లీమీటర్ల భేదాన్ని "జీవితాంతం భయం ఉండదు" అనేంతవరకు పెంచివేశాను. దోషం ఆ పరిశోధనది కాదు, నా ఉత్సాహానిది.

తరువాత ఎన్నో దేశాల పరిశీలనలను ఒకచోట చేర్చి 2005లో లెక్కకట్టారు. తల్లిపాలు త్రాగినవారి పై అంకె సగటున 1.4 మిల్లీమీటర్లు మాత్రమే తక్కువ అని తేలినది. ఎక్కువమందిని పరిశీలించిన చోట ఆ భేదం ఇంకా చిన్నది. తల్లిపాలు ఎక్కువ కాలం ఇవ్వగల ఇంటికీ, ఇవ్వలేని ఇంటికీ చదువులోను, సంపాదనలోను, భోజనంలోను కూడ భేదాలు ఉంటాయి. ఆ కొద్ది భేదం పాలదా, ఇంటిదా అని విడదీయడం కష్టం.

ఆ చిక్కు విప్పడానికి బెలారుస్ దేశంలో ఒక పెద్ద ప్రయత్నం జరిగినది. 1996, 1997 సంవత్సరాలలో 31 ప్రసూతి ఆసుపత్రులలో 17,046 మంది తల్లీబిడ్డలను తీసుకున్నారు. సగం చోట్ల చనుబాలు పట్టడంలో తల్లులకు ప్రత్యేక ప్రోత్సాహం, సహాయం అందించారు. ఆ సహాయం అందినచోట మూడు నెలల వయస్సులో కేవలం తల్లిపాలే త్రాగుతున్న బిడ్డలు నూటికి 43 మంది. అందనిచోట ఆరుగురు. మొదటి ఏడాదిలో విరేచనాల వంటి పేగుల వ్యాధులు 13 శాతం నుండి 9 శాతానికి తగ్గినవి. ఇది చిన్న మేలు కాదు. కాని ఆ పిల్లలు ఆరున్నరేళ్ళవారైనప్పుడు, మళ్ళీ పదకొండున్నరేళ్ళవారైనప్పుడు చూస్తే రెండు వర్గాల రక్తపోటులో చెప్పుకోదగిన తేడా లేదు. ఆ పిల్లలందరూ మొదట తల్లిపాలు మొదలుపెట్టినవారే గనుక, ఎక్కువ కాలం త్రాగడానికీ తక్కువ కాలం త్రాగడానికీ మధ్య భేదాన్నే ఆ పరిశీలన చూపుతుందన్నది గుర్తుంచుకోవాలి. అయినా ఇంత పెద్ద పరీక్ష చెప్పినదానిని కాదనడం వైద్యధర్మం కాదు.

ఇంతకీ తేలినదేమిటి? తల్లిపాలు రక్తపోటుకు వజ్రకవచం కావు. డబ్బాపాలు రక్తపోటుకు శాపమూ కావు. తల్లిపాల మహిమ మరొక చోట ఉన్నది. పేగుల వ్యాధులనుండి, ఊపిరితిత్తుల వ్యాధులనుండి బిడ్డకు అవి ఇచ్చే రక్షణ నిస్సందేహమైనది. అంతటి గొప్పదానికి లేని గొప్ప తగిలించవలసిన పని లేదు.

అసలు జాగ్రత్త ఉప్పు దగ్గర

తల్లిపాలను చూసి నేర్చుకోవలసిన ఒక గుణం మాత్రం రక్తపోటుకు నేరుగా సంబంధించినది. తల్లిపాలలో ఉప్పు బహు స్వల్పం. నూరు మిల్లీలీటర్లలో సోడియం సుమారు 15 మిల్లీగ్రాములు. ఆవుపాలలో అది దాదాపు మూడింతలు. పసిబిడ్డ మూత్రపిండాలు పుట్టిన నాటికి పూర్తిగా పరిపక్వం కావు, అధికమైన ఉప్పును వడబోసి బయటకు పంపే శక్తి వాటికి క్రమంగా అలవడుతుంది. ప్రకృతి ఆ శక్తికి తగినట్లే పాలను కూర్చినది.

నెదర్లాండ్స్‌లో 1980 ప్రాంతంలో 476 మంది నవజాత శిశువులకు ఆరు నెలలపాటు రెండు రకాల ఆహారం ఇచ్చి చూశారు. ఒక వర్గం త్రాగిన డబ్బాపాలలో మామూలు ఉప్పు ఉన్నది. రెండవ వర్గం పాలలో సోడియం దానిలో మూడవ వంతు, అంటే ఇంచుమించు తల్లిపాలలో ఉన్నంతే. ఆరు నెలలు గడిచేసరికి తక్కువ ఉప్పు తిన్న బిడ్డల పై అంకె 2.1 మిల్లీమీటర్లు తక్కువగా ఉన్నది. పదిహేనేళ్ళ తరువాత వారిలో 167 మందిని తిరిగి పిలిచి చూస్తే ఆ తేడా 3.6 మిల్లీమీటర్లు. మూడవ వంతు మందే దొరికారు గనుక ఇది తుది తీర్పు అనను. అయినా దారి చూపుతున్నది. పోతపాలు త్రాగే బిడ్డకు కూడ ఉప్పు తగ్గించి మేలు చేయవచ్చును. ఈ పని తల్లి రొమ్ములో పాలు ఉన్నా లేకున్నా మన చేతిలోనే ఉన్నది.

ఈ మాటలు ఆ తల్లికి చెబుతుండగా అత్తగారిని యథాలాపంగా అడిగాను, "బాబుకు అన్నప్రాశన అయినదా అమ్మా, ఏమి పెడుతున్నారు?" అని. ఆవిడ సంతోషంగా, "అయిందండీ. చారన్నం మెత్తగా పిసికి పెడుతున్నాను. ఉప్పు లేకపోతే ఉమ్మేస్తాడు. నిన్న ఆవకాయ ఊట నాలుక్కి రాస్తే ఎంత లొట్టలు వేశాడో!" అన్నారు. ఆ ఇంట భయం పాలసీసా దగ్గర కూర్చున్నది, ఉప్పు చారుగిన్నెలోనుంచి లోపలికి వెళుతున్నది!

లెక్క చూడండి. ఆరు నెలలలోపు బిడ్డకు రోజుకు కావలసిన సోడియం సుమారు 110 మిల్లీగ్రాములు. అది పాలలోనే లభిస్తుంది. ఆరు నుండి పన్నెండు నెలల వరకు సుమారు 370 మిల్లీగ్రాములు. అదీ పాలలోను, సహజమైన ఆహారంలోను వచ్చేదే. మన వంటింటి ఉప్పు ఒక గ్రాములో, అంటే టీ చెంచాలో ఐదవ వంతులో, సుమారు 400 మిల్లీగ్రాముల సోడియం ఉన్నది. పెద్దల కోసం కాచిన చారు, సాంబారు, పప్పు, ఊరగాయ ఊట, అప్పడపు ముక్క, ఉప్పు బిస్కెట్టు ఇవన్నీ కలిస్తే ఆ గ్రాము ఎప్పుడు దాటినదో తెలియదు. బిడ్డ ఉప్పు లేనిది ఉమ్ముతున్నాడంటే వాడి నాలుకకు ఉప్పు మనం నేర్పామని అర్థం.

"సైంధవ లవణం శ్రేష్ఠం కదా, అది వేయవచ్చునా?" అని చాలామంది అడుగుతారు. లవణాలలో సైంధవం శ్రేష్ఠమని చెప్పిన మాట నిజమే. కాని అదీ ఉప్పే, దానిలోనూ సోడియమే. పెద్దలకు చెప్పిన శ్రేష్ఠత్వం పసివాని మూత్రపిండాలకు వర్తించదు.

శాస్త్రం ఏమంటున్నది?

మా గురువుగారి ఇంట పన్నెండేళ్ళు చదువుకున్న రోజులలో చరకసంహిత విమానస్థానం మొదటి అధ్యాయం దగ్గర ఆయన చాలాసేపు ఆగేవారు. పిప్పళ్ళు, క్షారం, లవణం అనే మూడింటిని అతిగా వాడరాదని చరకుడు అక్కడ శాసించాడు. అతిగా ఉప్పు తినేవారి దేహం శిథిలమై, బలహీనమవుతుందని వర్ణించాడు. పెద్దలకే ఇంత హెచ్చరిక చేసినవాడు పసిబిడ్డకు చారన్నాన్ని మెచ్చుతాడా?

సుశ్రుతుడు శారీరస్థానం పదవ అధ్యాయంలో ఆరవ నెలలో బిడ్డకు తేలికైన, హితమైన అన్నం పెట్టమన్నాడు. తల్లిపాలు లేనప్పుడు ధాత్రిని, ఆమె కూడ లేనప్పుడు మేకపాలను గాని ఆవుపాలను గాని విధించాడు. పాలు లేని తల్లిని నిందించమని ఎక్కడా చెప్పలేదు, ప్రత్యామ్నాయం చెప్పాడు. పైగా క్రోధం వలన, శోకం వలన స్తన్యం నశిస్తుందని అదే అధ్యాయంలో ఉన్నది. మనస్సు కలతపడితే పాలు సులభంగా దిగవని ఆధునికులూ అంగీకరిస్తున్నారు. కాబట్టి బాలింతను "నీకు పాలు లేవు, నీ బిడ్డకు జబ్బులు వస్తాయి" అని భయపెట్టేవారు శాస్త్రం పేరు చెప్పి శాస్త్రానికే ద్రోహం చేస్తున్నారు. నా పాత వ్యాసం తెలియకుండా ఆ పనే చేసినది.

సుశ్రుతుడు చెప్పిన ధాత్రి ఈనాడు మరొక రూపంలో వచ్చినది. ముంబైలోని సయన్ ఆసుపత్రిలో 1989లో మన దేశపు మొదటి తల్లిపాల నిధి ఏర్పడినది. హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలోని పాల నిధి పేరే "ధాత్రి". నెలలు నిండని బిడ్డ ఉన్న ఇంటివారు ఈ సదుపాయం గురించి తప్పక అడిగి తెలుసుకోండి.

ఇంట్లో చేయవలసినవి

మొదటిది. పుట్టిన గంటలోపు చనుబాలు మొదలుపెట్టి, ఆరు నెలలు అవి మాత్రమే ఇచ్చి, తరువాత అన్నంతోపాటు రెండేళ్ళు, ఆపైన కూడ కొనసాగించడం అందరికంటె మంచి పద్ధతి. పాలు తక్కువనిపిస్తే శతావరి లేహ్యం అడుగుతారు. ఆ లేహ్యం ఇచ్చే నేనే చెబుతున్నాను, బిడ్డ నోరే మొదటి మందు. ఎంత తరచుగా చీకితే అంతగా పాలు ఊరుతాయి.

రెండవది. పోతపాలు తప్పనిసరి అయినప్పుడు పిల్లల వైద్యుని సలహాతో వయస్సుకు తగిన డబ్బాపాలను డబ్బా మీద చెప్పిన కొలత ప్రకారమే కలపండి. బలం కోసమని ఒక చెంచా ఎక్కువ వేస్తే ఉప్పూ మాంసకృత్తులూ పెరిగి బిడ్డ మూత్రపిండాలకు భారమవుతాయి. పొదుపు కోసమని పలుచన చేస్తే ఎదుగుదల దెబ్బతింటుంది. ఏడాదిలోపు ఆవుపాలను, గేదెపాలను ముఖ్యాహారం చేయకండి. సుశ్రుతుని కాలంలో మరొక మార్గం లేదు, ఈనాడు ఉన్నది.

మూడవది. పాలసీసా కంటె మన పూర్వుల ఉగ్గుగిన్నె మేలు. మరిగే నీటిలో కడగడం సులువు, పీకలోని మురికి భయం లేదు. పాలసీసాలకు, శిశువుల పాలపొడులకు ప్రకటనలు చేయరాదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చినది. 2003లో దానిని ఇంకా బిగించారు. అంగడివాని మాట విని సీసా కొనకండి.

నాలుగవది. ఆరు నెలలు నిండాక బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి విసిరిన ఉగ్గు, మెత్తని పప్పన్నంలో చుక్క నెయ్యి, ఉడికించిన కూరగాయల గుజ్జు, అరటిపండు పెట్టండి. పెద్దల పప్పులో ఉప్పు వేయకముందే బిడ్డ వాటా తీసి ఉంచండి. ఏడాది నిండేవరకు ఉప్పు వద్దు, పంచదార వద్దు. జాతకర్మలో చెప్పినదైనా తేనె కూడ వద్దు. దానిలో ఉండగల కొన్ని సూక్ష్మజీవుల బీజాలు పసివాని పేగులలో విషాన్ని పుట్టించగలవని ఈనాడు రుజువైనది. గురువుల మాటను గౌరవించడమంటే తెలిసిన అపాయాన్ని దాచడం కాదు.

ఐదవది. తండ్రికి, తాతకు రక్తపోటు ఉన్న ఇంట బిడ్డ ఒక్కడికే ఉప్పు తగ్గిస్తే చాలదు. రేపు వాడు కూర్చోబోయేది ఆ భోజనాల బల్ల దగ్గరే. ఇంటిల్లిపాదీ ఉప్పు తగ్గిస్తే పసివాని నాలుక దానికే అలవాటుపడుతుంది.

ఆ రోజు ఆ తల్లితో నేను చివరగా ఒక మాట అన్నాను. "అమ్మాయీ, నువ్వు చేసిన తప్పు ఏదీ లేదు. తప్పు నా వాక్యానిది." అత్తగారి చేతిలోని కాగితం అడిగి తీసుకొని, ఎర్ర గీత ఉన్న వాక్యాన్ని నా కలంతో కొట్టివేసి, ప్రక్కన "బిడ్డకు ఏడాదిదాకా ఉప్పు వద్దు" అని వ్రాసి ఇచ్చాను. ఆవిడ కాసేపు చదువుకొని, "అయితే చారు మానేస్తానండీ. ఊట కూడానా?" అన్నారు. "ఊట ముందు మానండి" అన్నాను. కోడలు ఆ మాటకు మొదటిసారి నవ్వినది.

నా పాత వ్యాసం ఇంకా ఎవరి ఇంట్లోనైనా దాచుకొని ఉంటే, దయచేసి వారు కూడ ఆ దిద్దుబాటు చేసుకోవలసినదిగా ప్రార్థన.